జంటగదిలో వెన్నెలపాడు బెంచీ

రెండో వారం, సోమవారం

మా విభాగంలో ప్రతి సహాయకురాలూ రోజూ డ్యూటీ డైరీ రాయాలి. ఏ గదిలో ఏ క్లాసు నడిచింది, ఏ పరికరం మొరాయించింది, పాఠం చెప్పేవాళ్ళు ఏం అడిగారు, అంతే. నాలుగు ముక్కలు చాలంటారు. నాకు నాలుగు ముక్కల్లో రాయడం చేతకాదు. "రూతూ, నీ డైరీ చదవాలంటే టీ పెట్టుకుని కూర్చోవాలి" అంటారు మా డైరెక్టర్ వకుళ మేడమ్. పెట్టుకోనివ్వండి.

పొద్దున్నే కెమెరా అద్దాల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. సముద్రం కొండ మొదట్లోకి వచ్చేశాక క్యాంపస్‌ని పైకి మార్చారు కానీ ఉప్పుగాలిని ఎవరు మారుస్తారు? తరవాత కిటికీల రేకులు ఎత్తాను. ఎండ ముదరకముందే క్లాసులన్నీ అయిపోవాలి. మళ్ళీ రేకులు దించితే సాయంత్రం దాకా ఎవరూ బయట అడుగుపెట్టరు.

ఈ సెమిస్టర్ నాకు జంటగది ఇచ్చారు. గదిలో సగం బెంచీల మీద ఇక్కడి విద్యార్థులు ఇరవై మంది దాకా కూర్చుంటారు. మిగతా సగం గోడ. ఆ గోడ మీద వెన్నెలపాడు విద్యార్థులు ఆరుగురు, మన బెంచీకి కొనసాగింపుగా కూర్చున్నట్టే, నిలువెత్తున కనిపిస్తారు. కొత్తవాళ్ళు ఒకరిద్దరు వాళ్ళ పక్కన కూర్చోబోయి గోడకి గుద్దుకున్నారు. వెన్నెలపాడు చంద్రుడి మీద ఉందని మరిచిపోవడం అంత తేలిక.

మాట అక్కడికి చేరి జవాబు తిరిగి రావడానికి మూడు సెకన్లకి కాస్త తక్కువ పడుతుంది. పోయిన ఏడాది దాకా ఈ మూడు సెకన్లు పాఠం చెప్పేవాళ్ళని ఏడిపించాయి. నిజంగానే. ఒక లెక్కల మేడమ్ నా ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంది. ప్రశ్న అడిగి అలా నిలబడిపోవాలి, ఇక్కడివాళ్ళు ఆవలిస్తారు, జవాబొచ్చేసరికి ఈవిడ ఇంకో మాట మొదలుపెట్టి ఉంటుంది. ఇప్పుడు ఆ బాధ లేదు. వంతెన అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. అవతలివాళ్ళు ఈ క్షణంలో ఎలా ఉంటారో ఊహించి గోడ మీద చూపిస్తుంది. అసలు బొమ్మ వచ్చాక అతుకు కనపడకుండా అందులో కలిపేస్తుంది. ఫిర్యాదులు ఆగిపోయాయి.

ఇవాళ్టి క్లాసు గాలి నిర్వహణ. బెండి అప్పలనరసయ్య మాస్టారిది. గనుల్లో, నీటి అడుగున నడిచే పడవల్లో మనుషులు పీల్చే గాలిని చూసుకుంటూ సగం జీవితం గడిపి, తరవాత పాఠాలకి వచ్చారు. ఫ్లాస్కులో చోడి అంబలి, అదే రాగిజావ, తెచ్చుకుంటారు. క్లాసు అయ్యాక నన్ను పిలిచారు.

"ఏటమ్మా రూతూ, ఆ గోడమీది ఆరుగురూ మరీ బుద్ధిమంతుల్లా ఉన్నారు?"

"మంచిదే కదా మాస్టారూ."

"ఏటి మంచిది? కష్టమైన ముక్క చెప్పినా తలూపుతారు, తేలిక ముక్కకీ తలూపుతారు. అందరూ ఒక్కసారే. ఇన్నేళ్ళలో నా పాఠానికి అలా తలూపినవాళ్ళని నేను సూడలేదు."

నవ్వేసి ఊరుకున్నాను. ఆయన నవ్వలేదు.

నాలుగో వారం, బుధవారం

మొదటి పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఇక్కడివాళ్ళు ఫర్వాలేదు. వెన్నెలపాడు వాళ్ళది చూసి మాస్టారు అంబలి తాగడం మానేశారు.

ప్రశ్న చాలా చిన్నది. మూసి ఉన్న ఊళ్ళో అందరికీ తల బరువెక్కి, ఆయాసం మొదలైంది. ప్లాంటు మీద ఉన్న నువ్వు మొదట ఏం చేస్తావు? ఆరుగురిలో ఐదుగురు ఆక్సిజన్ వదులుతామన్నారు.

"ఇది రాయకూడని జవాబమ్మా," అన్నారు మాస్టారు. "అలాంటి చోట్ల మనిషిని ముందు చంపేది ఆక్సిజన్ లేకపోవడం కాదు. మనం వదిలిన ఊపిరి, ఆ కార్బన్ డయాక్సైడ్ పోగుపడిపోవడం. దాన్ని పీల్చుకునే గుళికల తొట్టె ఎక్కడో దెబ్బతిందన్నమాట. అది వదిలేసి ఆక్సిజన్ పోస్తూ కూర్చుంటే, సీసా నిండా ఆక్సిజన్ ఉండగానే ఊరు పడుకుంటుంది. రెండో వారమంతా ఇదే చెప్పాను. తలూపారు!"

ఇది మార్కుల గొడవ అయితే నాకింత భయం వేయదు. వెన్నెలపాడులో నూట నలభై మంది ఉంటారు. ఇప్పటిదాకా గాలి ప్లాంటుని ఇక్కణ్ణించి వెళ్ళిన ఇంజనీర్లు చూస్తున్నారు. సెమిస్టర్ చివర వచ్చే నౌకలో వాళ్ళు దిగి వచ్చేస్తారు. ఆ తరవాత తాళాలు ఈ ఆరుగురి చేతుల్లోనే.

మధ్యాహ్నం వకుళ మేడమ్ మా ఇద్దర్నీ పిలిచారు. ఆవిడ మెత్తగానే మాట్లాడారు.

"మాస్టారూ, మీ క్లాసుకి హాజరు బాగుంది, శ్రద్ధ బాగుంది. గోడ మీద నేనూ చూశాను. మరి పరీక్షలో ఇలా ఎందుకు? రికార్డు పాఠాలు కొన్ని చాలా బాగున్నాయి. వాటిని పెట్టి మీరు పైనుంచి చూసుకుంటే..."

"అంటే నాకు చెప్పడం రాలేదంటారు."

"అలా అనలేదు మాస్టారూ."

"అనండి. ఐదుగురు తప్పు రాస్తే ఎవరికైనా అదే అనిపిస్తుంది. నాకూ అనిపిస్తోంది."

ఆయన కారిడార్లో నడిచి వెళ్తుంటే వెనకనుంచి చూశాను. భుజాలు దిగిపోయి ఉన్నాయి. నా పని పాఠం చెప్పేవాళ్ళకి సాయం చేయడం. గోడ వెలుగుతోందా లేదా అని చూడటం ఒక్కటే సాయమా అని బస్సులో అంతా అనుకుంటూ వచ్చాను.

నాలుగో వారం, గురువారం

వెన్నెలపాడుకి నేనే ఫోన్ చేశాను. గోడ లేదు, బొమ్మ లేదు. ఉత్త గొంతు. వంతెన పనిచేసేది గోడ మీదే కాబట్టి గొంతు లైను మామూలుగానే ఉంటుంది, మూడు సెకన్లూ మూడు సెకన్లే.

ఎత్తింది కుందన. ఆరుగురిలో పెద్దావిడ, అక్కడి వంటశాలలో పనిచేస్తూ చదువుకుంటోంది. నాలుగేళ్ళ కూతురుంది. నేను ఎవరినో చెప్పి, పరీక్ష గురించి అడిగాను. కాసేపు ఏమీ వినిపించలేదు. మూడు సెకన్లకంటే చాలా ఎక్కువ సేపు.

"మేడమ్, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోరుగా? మాస్టారికి మేమంటే ఎందుకంత చిన్నచూపు?"

"చిన్నచూపా? ఎందుకలా అనుకున్నారు?" అన్నాను.

"మేం చేతులెత్తుతూనే ఉన్నామండీ. మొదటి వారం నుంచీ. ఆయన చూడరు. నేరుగా మా మొహాల్లోకే చూస్తారు, చూసి పక్క ముక్కలోకి వెళ్ళిపోతారు. నోటితో కూడా అడిగాం. దేవదానం అయితే ఒకసారి లేచి నిలబడ్డాడు. అయినా ఆగలేదు. పని చేసుకుంటూ చదివేవాళ్ళం, మాకేం ఎక్కుతుందిలే అనుకుంటున్నారేమో అనుకున్నాం. ఇంక ఎత్తడం మానేశాం."

"కుందనా, మీరు చేతులెత్తడం ఇక్కడ ఎవరికీ కనపడలేదు."

మూడు సెకన్లు లెక్కపెట్టాను.

"కనపడకపోవడమేంటండీ? ఆరుగురం ఎత్తాం!"

ఫోన్ పెట్టేసి, వంతెన కలపకముందు వచ్చిన అసలు బొమ్మ కావాలని సాంకేతిక విభాగంలో పట్టుబట్టాను. అది ఎవరూ అడగరట, అందుకని ఇవ్వడానికి ముందు నవ్వారు. తెరిచి చూశాక నవ్వలేదు. ఆరు చేతులు. మాస్టారు తరవాతి వాక్యంలోకి వెళ్ళిపోయాక, మూడు సెకన్లు ఆలస్యంగా లేచిన ఆరు చేతులు. అప్పటికి సందర్భం దాటిపోయింది కాబట్టి వంతెన వాటిని పొరపాటు కదలికలు అనుకుంది. చేతులు తీసేసి, ఆ చోట తలూపే మొహాలు పెట్టింది. గొంతులదీ అదే కథ. మాస్టారు ఆగినప్పుడు వినిపిద్దామని పక్కన పెట్టింది. ఆయన ఆగరు. పెట్టినవి పెట్టినట్టే పోయాయి.

బొమ్మలో దేవదానం నిలబడి ఉన్నాడు. పొడుగు మనిషి, నీళ్ళ పైపుల పని చేస్తాడు. చాలాసేపు నిలబడి, పక్కవాళ్ళ వైపు చూసి, మెల్లిగా కూర్చున్నాడు. అది చూడటం నావల్ల కాలేదు.

నాలుగో వారం, శుక్రవారం

మాస్టారికి ఆ బొమ్మ చూపించాను. మొత్తం చూశారు. దేవదానం కూర్చునే చోట ఆపమన్నారు.

"నేను చూడలేదనుకున్నాడా ఈ అబ్బాయి?"

"అవును మాస్టారూ."

"నా ఎదరే నిలబడ్డాడు." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేనేమో తలూపే బొమ్మలకి పాఠం చెప్పుకుంటున్నాను."

ఆయన కోప్పడతారనుకున్నాను. ఆయన మొహంలో కోపం కంటే ముందు ఏదో తేలికపడటం కనిపించింది. రెండు రోజులుగా తనకి పాఠం చెప్పడం చేతకాదని నమ్మిన మనిషి కదా.

వకుళ మేడమ్ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆవిడ బొమ్మ చూసి తల పట్టుకున్నారు. వంతెనని తెప్పించింది ఆవిడే. లెక్కల మేడమ్ లాంటివాళ్ళు ఏడవకూడదనే తెప్పించారు.

"తీసేస్తే మళ్ళీ పాత నరకం. ఇక్కడి పిల్లలు ఒప్పుకోరు. మీకు తెలుసు కదా మాస్టారూ."

"ఒప్పుకోకపోతే నన్ను తిట్టుకుంటారు. అక్కడ తప్పు నేర్చుకుంటే ఊపిరాడదు."

మేడమ్ నా వైపు తిరిగారు. "ఒక్క ఈ క్లాసుకే తీసేద్దాం రూతూ. కానీ మాస్టారిని ఒక్కరినీ వదలకు. ప్రతి క్లాసుకీ ఆయనతో ఉండు. మిగతా క్లాసుల అసలు బొమ్మలన్నీ నేను తెప్పించి చూస్తాను."

ఐదో వారం, సోమవారం

వంతెన లేకుండా మొదటి క్లాసు. ఎలా జరిగిందో దాచడం ఎందుకు, ఘోరంగా జరిగింది.

మాస్టారు ముందుగా వెన్నెలపాడు వాళ్ళకి జరిగింది చెప్పారు. "మీరు చెయ్యెత్తితే నాకు కనపడలేదు. నేను చూడనట్టు మీకనిపించింది. ఇద్దరం మోసపోయాం." అక్కడ ఆరు మొహాలూ కదల్లేదు. అది అపనమ్మకమో, మాట ఇంకా చేరలేదో తెలియని ఆ మూడు సెకన్లు నాకు చెమట పట్టించాయి. తరవాత కుందన కళ్ళు దించుకుంది. దేవదానం మాత్రం చేతులు కట్టుకుని అలాగే చూస్తూ ఉన్నాడు.

పాఠం మొదలయ్యాక అంతా గందరగోళం. మాస్టారు ప్రశ్న అడగ్గానే ఇక్కడివాళ్ళు జవాబు చెప్పేస్తారు. మూడు సెకన్ల తరవాత అక్కడినుంచి అదే జవాబు వస్తుంది, ఇక్కడివాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వు అక్కడికి చేరేసరికి వాళ్ళు ఇంకేదో అడుగుతుంటారు, తమ ప్రశ్నకే నవ్వారనుకుంటారు. మాస్టారు ఒకరి మాట మీద ఇంకో మాట వేసి, "ఆగండి, ఆగండి" అని అరిచి, ఆగిన తరవాత ఏం చెప్పాలో మరిచిపోయారు.

క్లాసు అయ్యాక నఫీసా నా దగ్గరికి వచ్చింది. ఇక్కడి బ్యాచ్‌లో చురుకైన పిల్ల, ఏదీ మనసులో పెట్టుకోదు.

"మేడమ్, ఇలా అయితే మా చదువు ఏం కావాలి? వాళ్ళకోసం మేం సగం క్లాసు గోడ చూస్తూ కూర్చోవాలా?"

ఆమె అడిగిందాంట్లో తప్పేం లేదు. అదే చెప్పాను, శుక్రవారం లోపు దారి వెతుకుతానన్నాను.

ఐదో వారం, గురువారం

మూడు రోజులుగా మాస్టారూ నేనూ కూర్చుని క్లాసుని విప్పి మళ్ళీ కుడుతున్నాం. మధ్యలో ఒకసారి దెబ్బలాడుకున్నాం కూడా.

నేనన్నది ఇది. పాఠం ముందే రికార్డు చేసి పంపేద్దాం, రెండు వైపులవాళ్ళూ వాళ్ళ వీలుని బట్టి చూసి వస్తారు. క్లాసులో పాఠం వద్దు, ప్రశ్నలూ పనీ మాత్రమే. ప్రశ్న ముందు వెన్నెలపాడుకి వేద్దాం. అది వెళ్ళి వచ్చేలోపు ఇక్కడివాళ్ళు నోరు విప్పకుండా తమ జవాబు కాగితం మీద రాయాలి. అప్పుడు ఆ మూడు సెకన్లు ఖాళీ ఉండవు. అక్కడి ఒక్కొక్కరికీ ఇక్కడ ముగ్గురు, నలుగురు జతగాళ్ళు, వాళ్ళ మధ్య వేరే గొంతు లైను.

"రికార్డు వద్దని ఆ మేడమ్‌తో కొట్లాడి వస్తే, నువ్వూ రికార్డే అంటావేటి?" అని లేచారు మాస్టారు. "పాఠం చెప్పొద్దంటే నేనెందుకు మరి? అటెండెన్సు తీసుకోడానికా?"

"మీరు చెప్పే పాఠమే మాస్టారూ, మీ గొంతుతోనే. అది ఎప్పుడు విన్నా వినొచ్చు. వాళ్ళకి అర్థం కాని చోట పక్కన నిలబడటం మాత్రం మీరే చేయాలి. అది రికార్డు చేయలేం."

"నాకు క్లాసు చెప్పడం నేర్పుతున్నావు."

"నేర్పట్లేదు. మీరు గనిలో దిగేటప్పుడు పైన తాడు పట్టుకునే మనిషి ఉంటాడన్నారు కదా, మొదటి పాఠంలో. ఆ మనిషిని అనుకోండి."

ఆయన ఫ్లాస్కు మూతలో అంబలి పోసి నా వైపు తోశారు. ఆయన ఒప్పుకున్నట్టు అలా చెప్తారని ఈ మధ్యే తెలిసింది. ఉప్పు ఎక్కువైంది, అయినా తాగేశాను.

ఏడో వారం, బుధవారం

ఇవాళ దేవదానం మాట్లాడాడు.

వంతెన తీసేసినప్పటి నుంచీ అతను అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప సొంతంగా నోరు విప్పలేదు. ఇవాళ గుళికల తొట్టెల గురించి నడుస్తోంది. తొట్టెలు రెండుంటాయి. ఒకటి ఊరివాళ్ళు వదిలిన ఊపిరిని పీల్చుకుంటుంటే, రెండోది వేడెక్కి, పీల్చుకున్నది బయటికి వదిలేసి ఖాళీ అవుతుంది. తరవాత వంతులు మారతాయి. మాస్టారు ప్రశ్న వేసి, పెదవులు బిగించి, వేళ్ళతో బల్ల మీద కొట్టుకుంటూ ఆగారు. ఆగడం ఆయనకి ఇంకా కష్టమే. ఇక్కడ పెన్నులు కదులుతున్నాయి.

దేవదానం చెయ్యెత్తాడు. "మాస్టారండీ, నాకు అర్థం కాలేదండి."

"ఏది నాయనా?"

"మొత్తం అర్థం కాలేదండి. ఆక్సిజన్ సరిపడా ఉన్నప్పుడు ఊపిరెందుకు ఆడదో, అక్కణ్ణించే అర్థం కాలేదు. పరీక్షలో అందుకే అలా రాశానండి. ఇప్పుడు సరైన జవాబు తెలుసు, కానీ నమ్మకం కలగట్లేదు."

ఇక్కడి బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు అటు తిరిగి చూసిన చూపుకి గది చల్లబడిపోయింది.

"ఈ సెమిస్టర్లో ఇంత మంచి మాట ఎవరూ అనలేదు," అన్నారు. "జవాబు తెలిసి నమ్మకం లేనివాడు ఆపదలో పాత అలవాటుకే పోతాడు. ఇప్పుడు చెప్పాడు కాబట్టి సరిపోయింది. దేవదానం, నువ్వు పైపుల పని చేస్తావు కదా. సింకులోకి మంచినీళ్ళు ధారగా వస్తున్నాయి. కింద తూము పూడిపోయింది. మురుగు పైకి వస్తోంది. అప్పుడు కుళాయి ఇంకా తిప్పుతావా?"

మేమందరం గోడ చూస్తూ ఆగాం. మూడు సెకన్లు. దేవదానం మొహం మీద ఆ మాట వెళ్ళి దిగడం, అది అర్థమవడం, అతను పక్కకి తిరిగి కుందనతో ఏదో అనడం, అన్నీ కనిపించాయి. ఇవేవీ ఊహించినవి కావు. అసలు మొహం.

"తూము చూస్తానండి," అన్నాడు. "ముందు తూమే చూస్తాను."

అతని జతగత్తె నఫీసా. క్లాసు అయ్యాక ఇద్దరూ గొంతు లైన్లో చాలాసేపు మాట్లాడుకున్నారు. బయటికి వస్తూ నాతో అంది, "మేడమ్, ఆయనకి చెప్పబోతే నాకే సరిగ్గా తెలియదని తెలిసింది." ఫిర్యాదు మళ్ళీ ఎత్తలేదు.

వకుళ మేడమ్ మిగతా క్లాసుల అసలు బొమ్మలు చూశారట. ఇంకో మూడు క్లాసుల్లో మాయమైన చేతులు దొరికాయట. వంతెన మొత్తం ఆపేస్తున్నామని సాయంత్రం అందరికీ కబురు పంపారు. దాంతోపాటు పాఠం చెప్పేవాళ్ళందరికీ నాతో శిక్షణ అని కూడా. ఆ రెండో ముక్క నాకు ముందు చెప్పి ఉంటే బాగుండేది.

పదకొండో వారం, శుక్రవారం

రెండో పరీక్షలో వెన్నెలపాడు వాళ్ళు ఆరుగురూ పాసయ్యారు. అక్కడి ఇంజనీర్లు ప్లాంటు మీద నిలబెట్టి చేయించిన పరీక్ష కూడా అయింది. తాళాలు అప్పగించి నిన్న నౌక ఎక్కేశారు. క్లాసులో అందరం చప్పట్లు కొట్టాం. మాస్టారు మాత్రం, "పరీక్ష అంటే ముందే చెప్పి వచ్చేది. ప్లాంటు చెప్పి రాదు," అని వచ్చే వారం పాఠం పేరు చెప్పి వెళ్ళిపోయారు.

పన్నెండో వారం, సోమవారం

బాగా పొద్దుపోయింది. అయినా ఇవాళే రాయాలి.

పొద్దున గోడ వెలిగేసరికి వెన్నెలపాడు బెంచీ మీద ఎవరూ లేరు. కుందన ఒక్కతే కెమెరాకి దగ్గరగా నిలబడి ఉంది.

"మాస్టారూ, గాలి బరువెక్కుతోంది. నిద్ర లేచినప్పటి నుంచి కార్బన్ డయాక్సైడ్ ముల్లు పైకి పోతోంది. అందరికీ తలనొప్పి. మావాళ్ళు ఐదుగురూ ప్లాంటు దగ్గరున్నారు."

మాస్టారు సుద్దముక్క కింద పెట్టేశారు. "ఏ తొట్టె పనిలో ఉంది? గుళికలు ముట్టుకుని చూశారా, తడిగా ఉన్నాయా?"

మాట వెళ్ళింది. కుందన వినడం చూశాం. నోరు తెరవబోయి, వెనక్కి తిరిగి ఎవరో పిలుస్తుంటే "ఆఁ, సరే" అంది. గోడ నల్లబడిపోయింది.

మా వైపు ఏమీ పాడవలేదు. సాంకేతిక విభాగానికి ఫోన్ చేస్తే సంకేతం అవతలినుంచే ఆగిందన్నారు. నఫీసా తన గొంతు లైను పట్టుకుని "దేవదానం గారూ, దేవదానం గారూ" అని పిలుస్తూనే ఉంది. జవాబు లేదు. వకుళ మేడమ్ పరుగెత్తుకుంటూ వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయారు. నౌకలో ఉన్న ఇంజనీర్లు వెనక్కి తిరగలేరు. కింద మేమెవరమూ చేయగలిగింది లేదు.

మాస్టారు గోడకెదురుగా ఒక స్టూలు లాక్కుని కూర్చున్నారు. క్లాసు టైము అయిపోయింది. తరవాతి క్లాసువాళ్ళు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు, సంగతి విని లోపలికొచ్చి నేల మీద కూర్చున్నారు. ఎండ ముదిరింది, రేకులు దించేశాను. ఎవరూ ఇళ్ళకి పోలేదు. "చెప్పాల్సింది అంతా చెప్పానా అమ్మా?" అని ఆయన ఒక్కసారి నన్నడిగారు. చెప్పారు మాస్టారూ అన్నాను.

గోడ వెలగలేదు. స్పీకర్లో గరగర వచ్చింది, తరవాత కుందన గొంతు.

"మాస్టారూ, వినపడుతోందా? బొమ్మ పెట్టట్లేదు, గొంతే. అందరం బాగున్నాం. ముల్లు దిగుతోంది."

గదిలో ఎవరో వెక్కిపడి ఏడ్చారు. నఫీసా అనుకుంటాను. మాస్టారు లేచి నిలబడ్డారు.

"ఏం చేశారు? మొదటి నుంచి చెప్పు."

చెప్పింది. గాలిలో తేమని తీసే యంత్రం ఆగిపోయిందట. పనిలో ఉన్న తొట్టెలో గుళికలు తడిసిపోయాయి. తడిసినవి ఊపిరిని పీల్చుకోవు. భయంలో ఒకతను ఆక్సిజన్ మర మీద చెయ్యి వేశాడట. దేవదానం, "ఆగండి, అది ఎందుకో నాకు అర్థం కాలేదు, చెప్పి తిప్పండి," అన్నాడట. చెప్పబోయి అతనే చెయ్యి తీసేశాడు. అప్పుడు తూము చూశారు. తడిసిన తొట్టెని విడదీసి, రెండోదాన్ని పనిలో పెట్టారు. చిన్న గదుల్లో ఉన్నవాళ్ళనందరినీ పెద్ద హాల్లోకి తెచ్చి, కదలకుండా పడుకోబెట్టారు. తడిసిన గుళికల్ని ఆరబెట్టడానికి వేడి తీగలన్నీ వెలిగించారు.

"మరి లింకు ఎలా తెగిపోయింది?"

మూడు సెకన్లు. ఆ తరవాత ఆమె గొంతులో కొంచెం బెరుకు.

"తెగలేదు మాస్టారూ. మేమే ఆపేశాం. వేడి తీగలకి కరెంటు చాలలేదు. ఏది ఆపాలా అని చూస్తే... మీ క్లాసే కనపడింది."

మాస్టారు పెద్దగా, గదంతా మారుమోగేలా నవ్వారు. "నన్నే ఆపేసినారా!" అన్నారు వకుళ మేడమ్ వైపు తిరిగి. "సూశారా మేడమ్? గాలి కావాల్సొచ్చి మాస్టారిని ఆపేసినారు! ఇంతకంటే బాగా ఎవరు నేర్చుకుంటారు?" నవ్వుతూనే ఉన్నారు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నాకు మైకు వైపు చెయ్యి చూపించారు. నువ్వు మాట్లాడమ్మా అని.

మైకు దగ్గరికి వెళ్ళాను. అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఏ భాగం మార్చాలి, ఏ యంత్రం చూడాలి, నివేదిక ఎవరికి పంపాలి.

"కుందనా, అన్నం తిన్నారా?"

గదిలో అందరం ఆగాం. నేల మీద కూర్చున్నవాళ్ళు, తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు, మాస్టారు, మేడమ్. మాట వెళ్తోంది. చేరి ఉంటుంది. తిరిగి వస్తోంది.

"ఇప్పుడే పొయ్యి వెలిగించానండీ," అంది కుందన. "పప్పు ఉడుకుతోంది."